మడతల బల్ల దగ్గర పేరు లేని పుస్తకం

ఈ పుస్తకాన్ని నేను మధ్యలోంచి మొదలుపెట్టాను. కావాలని కాదు, నాకు దొరికిన చోటు అదే.

హాఫ్‌టైడ్ ప్రెస్ అంటే పెద్ద ఆఫీసూ అద్దాల తలుపులూ ఊహించుకోకండి. డూగల్ అనే ఒక గడ్డం మనిషి, పోర్ట్ అని పిలిచే చిన్న ఊళ్ళో రేవు పక్కన ఒకప్పటి చేపల షెడ్డు, ఆ షెడ్డులో డూగల్ వాళ్ళ తాతకంటే వయసైన అచ్చుయంత్రం, అంతే. నేను చదువుకునే డనీడిన్ నగరంలో చిన్న ప్రెస్సుల సంత జరిగినప్పుడు ఒక మూల బల్ల వేసుకుని కూర్చుని, ఎవరైనా పుస్తకం చేతిలోకి తీసుకుంటే ఎక్కడ కొంటారో అని భయపడుతున్నట్టు చూస్తున్నాడు. నేను ఒక నవల కొన్నాను. బస్సులో చదువుతూ దిగాల్సిన స్టాపు దాటిపోయి, బీచ్ దాకా వెళ్ళిపోయి, వానలో వెనక్కి నడిచొచ్చాను. ఆ సాయంత్రమే డూగల్‌కి రెండు పేజీల మెయిల్ రాశాను, మీరు ఇంకేమేం వేశారు, ఈ రచయిత ఇంకేమైనా రాశారా, నాకు వెంటనే కావాలి అని. ఆయన దగ్గర్నుంచి ఒక్క లైను జవాబు వచ్చింది. చదవడం సరే, మడవడం వచ్చా అని.

అలా, ఆయన కొత్తగా వేస్తున్న ఇంకో నవల కోసం, శనివారం పొద్దుటి మడతల బల్ల దగ్గర చేరాను.

పని ఇలా ఉంటుంది. ఒక పెద్ద కాగితానికి రెండు వైపులా పదహారు పేజీలు అచ్చవుతాయి. దాన్ని ఫారం అంటారు. మూడు మడతలు పెట్టి, ఎముక బద్దతో అంచు నొక్కితే పుస్తకంలో ఒక ముక్క తయారవుతుంది. ఇలాంటి ముక్కలు వరసగా పేర్చి దారంతో కుడతారు. డూగల్ పెట్టిన రూలు ఏంటంటే, ఒక మనిషికి ఒకటే ఫారం. మొదటి కాపీ నుంచి చివరి కాపీ దాకా అదే మడవాలి, పక్కవాళ్ళది ముట్టుకోకూడదు. ముట్టుకుంటే దొంతరలు కలిసిపోయి, పెళ్ళయ్యాక పెళ్ళిచూపులు వచ్చిన పుస్తకాలు తయారవుతాయట, ఒకసారి అయ్యాయట కూడా.

దీనివల్ల ఏమవుతుందంటే బల్ల దగ్గర కూర్చున్న ప్రతి మనిషికీ ఆ నవలలో తన పదహారు పేజీలు కంఠతా వస్తాయి, మిగతాది ఒక్క ముక్క తెలీదు. ఎవరి హీరో వాళ్ళకే. ఎవరి గొడవ వాళ్ళదే.

మొదటి రోజే నేను నవ్వులపాలయ్యాను. మడవకముందు కాగితం పరిచి చదివేశాను, ఎడమ నుంచి కుడికి, బుద్ధిమంతురాలిలా. చర్చి పాటల మాస్టారు చచ్చిపోయాడు, పక్క పేజీలో హాయిగా స్కోన్ బన్ను తింటున్నాడు. పరుగెత్తుకెళ్ళి డూగల్‌కి చెప్పాను, నవల్లో ఘోరమైన పొరపాటు ఉంది, అచ్చు ఆపండి అని. డూగల్ యంత్రం ఆపలేదు, బల్ల దగ్గరున్న రంగి అంకుల్ మాత్రం టీ ఒలకబోసుకునేదాకా నవ్వాడు.

"మడిచి చదువు పిల్లా," అన్నాడు. "పరిచిన కాగితంలో పేజీలు వరసలో ఉండవు. నీ మాస్టారు ముందు తింటాడు, తర్వాతే పోతాడు. అదీ మర్యాద."

రంగి అంకుల్ పెద్ద ఓడల్ని లాగే టగ్ బోటు ఇంజన్ల దగ్గర పని చేసి రిటైరయ్యాడు. ఆయనకి మొదటి ఫారం, అందులో పొగమంచులో ఓడని రేవులోకి తెచ్చే పైలట్ కథ. ఆయన ఎదురుగా మిసెస్ టాస్విల్. పచ్చిక మీద బంతులు దొర్లించే లాన్ బౌల్స్ క్లబ్‌కి ఎన్నేళ్ళ నుంచో ప్రెసిడెంటు, ఇంకొకరు పోటీ చేసే ధైర్యం చెయ్యరు. ఆవిడది నాలుగో ఫారం. ఆవిడ పక్కన గ్లెనిస్, మెయిన్ రోడ్డు మీద మందుల షాపులో కౌంటర్ దగ్గర ఉంటుంది, యాభై దాటిన మనిషి, అడిగితే తప్ప మాట్లాడదు. ఆవిడది ఆఖరి ఫారం. నాది మూడోది. మిగతావి డూగల్ వారం మధ్యలో తనే మడుచుకునేవాడు.

నా మూడో ఫారం గురించి చెప్పాలి, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. డోరీ అని ఒకావిడ చర్చి పాటల బృందంలో ఉంటుంది. చిన్నప్పుడెప్పుడో మాస్టారు నువ్వు పెదాలు కదిపితే చాలమ్మా అన్నాడు. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం నిలబడి, ఒక్క చప్పుడు లేకుండా, అందరికంటే అందంగా నోరు తెరుస్తుంది. ఒక చలికాలం బృందమంతా జలుబుతో పడిపోతుంది. డోరీ ఒక్కతే మిగులుతుంది. పదహారో పేజీ చివర ఆవిడ ఊపిరి తీసుకుంటుంది. అక్కడితో నా ఫారం అయిపోయింది. పాడిందా లేదా అన్నది మిసెస్ టాస్విల్ చేతిలో ఉంది, ఆవిడ చెప్పదు, రూలు రూలే అంటుంది.

ఇలాంటి వాక్యాలు రాసే మనిషి ఎవరో తెలుసుకోకుండా ఎలా ఉంటాను? డూగల్‌ని అడిగాను. పేరున్న పేజీ ఎప్పుడూ ఆఖర్నే అచ్చేస్తాం అన్నాడు. ఎందుకు అంటే అలవాటు అన్నాడు. మళ్ళీ అడిగితే చేతులు తుడుచుకుని అసలు సంగతి చెప్పాడు. రాసిన మనిషి ఈ ఊరి మనిషే. పేరు వెయ్యాలా వద్దా ఇంకా తేల్చుకోలేదు. పేరు పడితే ఈ ఊళ్ళో రేపట్నుంచి ఎలా బతకాలా అని భయం. మడతలు పూర్తయ్యే ఆఖరి శనివారం దాకా డూగల్ గడువిచ్చాడు, అప్పటికి తేలకపోతే పుస్తకం పేరు లేకుండానే వెళ్ళిపోతుంది.

నేను పుస్తకాల్ని వెతికే పద్ధతే పేరు పట్టుకుని. ఒక పేరు దొరికితే ఆ మనిషి ఎక్కడ ఏ చిన్న పత్రికలో రాసిందో, ఎవరికి థ్యాంక్స్ చెప్పిందో, వాళ్ళ పుస్తకాలు ఎవరు వేస్తున్నారో, అలా ఒకరి చెయ్యి పట్టుకుని ఇంకొకరి ఇంటికి వెళ్తాను. పేరే లేకపోతే ఆ తలుపు అక్కడే మూసుకుపోతుంది. ఆవిడో ఆయనో రెండో పుస్తకం రాసినా నాకు తెలీదు. ఎవరికీ తెలీదు.

ముందు రంగి అంకుల్‌ని అనుమానించాను. ఓడల గురించి అంత బాగా ఇంకెవరికి తెలుసు అని. నిలదీస్తే, పుట్టినరోజు కార్డు మీద సంతకం తప్ప తను జన్మలో ఏమీ రాయలేదనీ, ఆ సంతకమూ వాళ్ళావిడే పెడుతుందనీ చెప్పాడు.

తర్వాతి శనివారం జరిగింది అసలు విషయం.

మిసెస్ టాస్విల్ ఎప్పట్లాగే చీజ్ రోల్స్ చేసి తెచ్చింది. ఎప్పట్లాగే ఒక్కొక్కరి పళ్ళెంలో లెక్కపెట్టి వడ్డించి, గిన్నెకి మూత పెట్టేసింది. కూర్చుని మడుస్తూ మడుస్తూ తనలో తను నవ్వడం మొదలుపెట్టింది. రూలు పెట్టిన డూగల్ యంత్రం దగ్గర ఉన్నాడు కాబట్టి, ఒక్క పేరా చదువుతాను వినండి అంది. నేను డోరీ పాట వస్తుందేమో అని మడత ఆపేశాను. అది కాదు, తర్వాతి పేజీ. హెస్టర్ అనే ఒకావిడ క్లబ్బులో సాసేజీలు కాలుస్తూ, పెనం మీద వేసేటప్పుడు ఒకసారి, తీసేటప్పుడు ఒకసారి లెక్కపెడుతుంది, మధ్యలో నిప్పు ఎక్కడ తినేస్తుందో అని. ఎవరైనా పోతే సంతాపం కార్డు మీద మిగతావాళ్ళు రాసినదాంట్లో తప్పులు పెన్నుతో దిద్దుతుంది.

"ఇది మా ఆడపడుచు జోన్," అంది మిసెస్ టాస్విల్ కళ్ళు తుడుచుకుంటూ. "అచ్చుగుద్దినట్టు జోనే. ఎవరు రాశారో గానీ దాన్ని బాగా పట్టుకున్నారు."

నేను నా చీజ్ రోల్ వైపు చూశాను. రంగి అంకుల్ తన చీజ్ రోల్ వైపు చూశాడు. ఇద్దరం మూత పెట్టిన గిన్నె వైపు చూశాం. ఆయన ఉన్నట్టుండి దగ్గు వచ్చినట్టు బయటికి వెళ్ళిపోయాడు.

నవ్వాపుకోవడానికి నేను గ్లెనిస్ వైపు తిరిగాను. ఆవిడ చేతిలో ఎముక బద్ద కాగితం మీద ఆగిపోయి ఉంది. ముఖం గోడకి వేసిన సున్నంలా ఉంది. అప్పుడు తట్టింది నాకు. ఇన్ని వారాలుగా మేమందరం మడుస్తూ చదువుతున్నాం, మడిచిందే మళ్ళీ చదువుతున్నాం, ఒక లైను బాగుంటే మడత ఆపి మరీ చదువుతున్నాం. గ్లెనిస్ మాత్రం ఒక్కసారి కూడా కాగితం వైపు చూడలేదు. దుప్పట్లు మడిచినట్టు కిటికీలోంచి క్రేన్లు చూస్తూ మడుస్తుంది. పేజీలో ఏముందో తెలియాలన్న కోరిక లేని మనిషి మడతల బల్ల దగ్గరికి ఎందుకొస్తుంది? ఏముందో ముందే తెలిస్తే తప్ప.

సోమవారం క్లాసు ఎగ్గొట్టి బస్సెక్కి పోర్ట్‌కి వెళ్ళాను. మందుల షాపులో అందరూ వెళ్ళిపోయేదాకా షాంపూల దగ్గర తచ్చాడి, కౌంటర్ దగ్గరికెళ్ళి గొంతు బిళ్ళలు అడిగాను. గొంతు నొప్పా అని అడిగింది. లేదు, డోరీని రాసింది మీరేనా అన్నాను.

గ్లెనిస్ తలుపు వైపు చూసింది. తర్వాత బిళ్ళల డబ్బా నా ముందు పెట్టి, చాలా నెమ్మదిగా మాట్లాడింది.

"ఈ కౌంటర్ దగ్గరికొచ్చి జనం నాకేం చెప్తారో తెలుసా నీకు? మొగుడికి చెప్పనివి. డాక్టరుకి చెప్పడానికి సిగ్గుపడేవి. దురదలు, నిద్ర పట్టకపోవడాలు, అన్నీ. నేను వింటాను, మందిస్తాను, మర్చిపోతాను. ఆ పుస్తకం మీద నా పేరు చూసిన రోజున, అమ్మో ఇది అన్నీ రాసుకుంటోంది అనుకుంటారు. ఇంక ఒక్కడు కూడా నోరు విప్పడు. మందు అవసరమైనవాడు కూడా."

కౌంటర్ దగ్గర విన్నది ఏమైనా రాశారా అని అడిగాను. ఒక్క ముక్క కూడా రాయలేదంది. క్లబ్బులో, చర్చిలో, రేవు మీద, పదిమందిలో చూసినదే రాసిందట. కానీ అది ఎవరు నమ్ముతారు అంది. నేను ఏమేమో చెప్పాను, గబగబా, నా పద్ధతి గురించి, పేరు పట్టుకుని వెళ్ళడం గురించి, పేరు లేకపోతే మీ రెండో పుస్తకం నాకెలా దొరుకుతుంది అని కూడా. రెండోది ఉందని ఎవరన్నారు అంది. ఉందా అన్నాను. గొంతు బిళ్ళలు రోజుకి నాలుగు మించి వేసుకోకు అంది. అంటే ఉందన్నమాట.

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. చెప్పలేదు కూడా, ఇది చదువుతున్న మీకు తప్ప. ఇప్పుడు చెప్పొచ్చు, ఎందుకో చదవండి.

ఆఖరి శనివారం మిసెస్ టాస్విల్ చీజ్ రోల్స్ తేలేదు. ఆవిడ రావడంతోనే షెడ్డులో గాలి మారింది. కోటు విప్పలేదు, టోపీ తియ్యలేదు. ఆ పేరా వారమంతా ఊరంతా తిరిగి చెప్పుకుని నవ్వుకుందట, చివరికి జోన్‌కే చెప్పిందట. జోన్ ఓపిగ్గా విని, ఆవిడ్ని పేరు పెట్టి పిలిచి మరీ, బెరిల్, అది నేను కాదు, నువ్వు అందట.

"జోన్ అంటే నాకు లెక్క లేదు," అంది మిసెస్ టాస్విల్. "కానీ మా ఆయన్ని అడిగాను. ఆయన మాట్లాడకుండా తోటలోకి వెళ్ళిపోయాడు."

ఎవరు రాశారో చెప్పమని డూగల్ మీదికెళ్ళింది. ఆయన చెప్పనన్నాడు. చెప్పకపోతే తను మడిచిన నాలుగో ఫారాలన్నీ పట్టుకుపోతానంది. రంగి అంకుల్ ఏదో సర్దిచెప్పబోయాడు. నేను గ్లెనిస్ వైపు చూడకూడదని నా బూట్ల వైపే చూస్తూ కూర్చున్నాను. పేరు సంగతి ఇంక అయిపోయినట్టే అనుకున్నాను. ఇంత గొడవ చూశాక ఏ మనిషి ఒప్పుకుంటుంది?

"నేనే," అంది గ్లెనిస్.

ఎంత మామూలుగా అందంటే, ఆ బద్ద ఇటివ్వండి అన్నట్టుగా. మిసెస్ టాస్విల్ ఆవిడ వైపు తిరిగింది. కోపం తగ్గలేదు గానీ, దాని కిందనుంచి ఇంకేదో పైకొచ్చింది. అది భయం.

"నా మాత్రల సంగతి రాశావా?"

"లేదు."

"ఎక్కడా?"

"కౌంటర్ దగ్గర విన్నది ఏదీ లేదు. మీది గానీ, ఎవరిది గానీ."

"ఎలా నమ్మను?"

ఇదే గ్లెనిస్ భయపడ్డ ప్రశ్న. డూగల్ యంత్రం ఆపేశాడు. అప్పుడు రంగి అంకుల్ తన దొంతర మీద చెయ్యి పెట్టి, కోర్టులో సాక్షిలా గొంతు సవరించుకున్నాడు.

"చూడు బెరిల్. ఈ మొదటి ఫారం నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు. పదేళ్ళుగా నా మొలల గురించి గ్లెనిస్‌కి చెప్పుకుంటున్నాను, వివరంగా, బొమ్మ గీసినంత వివరంగా. ఈ పైలట్ పదహారు పేజీలూ కుర్చీలో కూర్చునే ఉంటాడు, హాయిగా కూర్చుంటాడు. ఒక్కసారి కూడా కదలడు. నా మొలలు దీంట్లో లేవు."

నా వంతు వచ్చిందని అర్థమై నేను లేచి నిలబడ్డాను. మొటిమల మందు కోసం, పరీక్షలప్పుడు నిద్ర పట్టట్లేదని, ఇంకో విషయం కోసం, అది ఇక్కడ రాయను, మా కాలేజీ వాళ్ళెవరూ చూడకుండా ఇక్కడిదాకా బస్సులో వచ్చి, రెండేళ్ళుగా నేను గ్లెనిస్ దగ్గరికి ఎన్నోసార్లు వెళ్ళాననీ, మూడో ఫారంలో వాటి ఊసే లేదనీ చెప్పాను. డోరీకి జలుబు కూడా చెయ్యలేదనీ, ఊరంతా జలుబైనా ఒక్కతే మందులు లేకుండా నిలబడిందనీ కూడా చెప్పాను. డూగల్ తను మడిచిన ఫారాల తరఫున, తన బట్టతల నూనె ఎక్కడా రాలేదని ఒక్క మాటలో తేల్చాడు. ఆయన నూనె రాస్తాడని మాకు అప్పుడే తెలిసింది.

మిసెస్ టాస్విల్ తన నాలుగో ఫారం గురించి తనే ఆలోచించుకుంది. సాసేజీలున్నాయి, కార్డులున్నాయి. అవి అందరూ చూసినవే. మాత్రల్లేవు. తర్వాత గ్లెనిస్ ముందున్న దొంతర వైపు వేలు చూపించింది. ఇది ఎవరూ చదవలేదుగా, దీనికెవరు సాక్షి అంది.

గ్లెనిస్ పైనున్న కాగితం తీసి ఇచ్చింది. మిసెస్ టాస్విల్ టోపీతోనే కూర్చుని, జాగ్రత్తగా మడిచి, మొదటి పేజీ నుంచి చదివింది. మేము టీ పెట్టుకున్నాం. దక్షిణం గాలి తలుపుని కొడుతోంది. ఆవిడ పేజీ తిప్పినప్పుడల్లా గ్లెనిస్ తన టీ కప్పు అటూ ఇటూ జరుపుతోంది. ఆ ఆఖరి ఫారంలో ఏముందో నేను తర్వాత చదివాను. ఒక షాపులో కౌంటర్ వెనక నిలబడే ఆడమనిషి. ఊరందరి నొప్పులూ తెలిసిన మనిషి. ఎవరైనా నువ్వెలా ఉన్నావని అడుగుతారేమో అని చిల్లర నెమ్మదిగా ఇస్తుంది, అడగకపోతే వాళ్ళ మీద కోపం తెచ్చుకుని, ఇంటికెళ్ళి వాళ్ళని వాక్యాల్లో పెట్టి కక్ష తీర్చుకుంటుంది. పిరికిది, పైకి మంచిగా ఉంటుంది అని రాసుంది. హెస్టర్‌ని రాసినప్పుడు చూపించిన ప్రేమలో పావు వంతు కూడా ఆ మనిషి మీద చూపించలేదు.

మిసెస్ టాస్విల్ చదవడం అయ్యాక ఆ ఫారాన్ని దొంతరలో దాని చోట పెట్టి, అంచులు సరిచేసింది.

"నా మీదైతే కాస్త జాలిపడ్డావు," అంది. "నీ మీద నువ్వు బొత్తిగా జాలిపడలేదు."

మిసెస్ టాస్విల్ టోపీ తీసి బల్ల మీద పెట్టింది.

"ఎలా ఉన్నావు గ్లెనిస్?"

"బాగానే ఉన్నాను. మోకాలు నొప్పి."

"ఎప్పట్నుంచి?"

అలా ఇద్దరూ మోకాళ్ళ గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, మేమెవరం అక్కడ లేనట్టు. కాసేపటికి డూగల్ గొంతు సవరించుకుని, గడువు ఇవాళే అని గుర్తుచేశాడు. గ్లెనిస్ లేచి, అక్షరాల అర దగ్గరికెళ్ళి, ఒక్కో సీసపు అక్షరం ఏరుకుని తన పేరు తనే పేర్చుకుంది. ఒక అక్షరం కింద పడితే నేను బల్ల కిందికి దూరి తెచ్చిచ్చాను. డూగల్ నమూనా తీసి తడితడిగా బల్ల మీద పెట్టాడు. మిసెస్ టాస్విల్ దాన్ని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని చూసి, అక్షరాలు చిన్నగా ఉన్నాయంది. కళ్ళజోడు లేకుండా కనపడాలి, క్లబ్బులో ఎవరూ కళ్ళజోడు పెట్టుకురారు అని డూగల్ చేత పెద్దవి వేయించింది. హెస్టర్ జోన్ కాదు తనే అని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఇద్దర్నీ కలిపి రాసిందని అంటోంది.

డోరీ పాడిందా? పాడింది. ఎలా పాడిందో నేను చెప్పను, నాలుగో ఫారం మీరే చదవండి.

పుస్తకం పేరు "ఉప్పు పట్టిన కిటికీలు". వచ్చి రెండు వారాలైంది. నిన్న బస్సెక్కి మందుల షాపుకి వెళ్ళాను, రెండో పుస్తకం ఎంతవరకు వచ్చిందో అడుగుదామని. లోపలికి వెళ్ళడానికి చోటు లేదు. క్యూ షాంపూల దాకా ఉంది. ఎవరూ నోరు విప్పరని భయపడింది కదా, ఒక్కళ్ళూ నోరు ముయ్యడం లేదు. ముందున్న పెద్దాయన గ్లెనిస్‌కి తన పెళ్ళి ఎలా తప్పిపోయిందో చెప్తున్నాడు, ఏ మందూ అడగట్లేదు. ఆయన వెనక ఒకావిడ, తను పుస్తకంలో ఎక్కడా లేదనీ, పక్కింటావిడ మాత్రం రెండు చోట్ల ఉందనీ, ఇదేం న్యాయమనీ క్యూలో అందరికీ చెప్తోంది. గ్లెనిస్ పెద్దాయన మాట మధ్యలో ఆపి, ఇది కౌంటరండీ, ఇక్కడ చెప్పింది నేను రాయను అంది.

ఆయన క్యూలోంచి పక్కకి జరిగాడు.

"అయితే మీ షాపు ఎన్నింటికి మూస్తారు? నేను బయట బెంచీ మీద కూర్చుంటాను," అన్నాడు.